ఒకే కాగితం మీద నలుగురు: టీచర్ల సందేహాలు - సమాధానాలు

గూగుల్ డాక్స్ లాంటి షేర్డ్ డాక్యుమెంట్ల గురించి ఈసారి కర్నూలు, నంద్యాల, కడప వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒక కాగితాన్ని నలుగురు నాలుగు చోట్ల తెరిచి ఒకేసారి రాసుకోవడం, అంతే దాని సంగతి. మీ ఉత్తరాల్లో మాత్రం రాత కంటే భయమే ఎక్కువ కనిపించింది. అందుకే ఒక్కొక్కరికీ విడిగా రాస్తున్నాను.

తెలుగు ఉపాధ్యాయిని, ఎమ్మిగనూరు: తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుక్కుంటారు కదా, దాని మీద మా తొమ్మిదో తరగతి పిల్లలు కలిసి వ్యాసం రాశారు. చాలా బాగా వచ్చింది. చివరి రోజు ఎవరో మొత్తం సెలెక్ట్ చేసి చెరిపేశారు. నా ఫోన్‌లో తెల్ల కాగితమే కనిపిస్తోంది. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక మాట దాటేస్తున్నాను.

మీ వ్యాసం ఎక్కడికీ పోలేదమ్మా, నిమ్మళంగా ఉండండి. కంప్యూటర్‌లో ఆ డాక్యుమెంట్ తెరిచి, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ నొక్కితే అది ఏ రోజు, ఏ వేళకు ఎలా ఉందో వరసగా కనిపిస్తుంది. చెరిపేయకముందు ఉన్నదాన్ని ఎంచుకుని రీస్టోర్ నొక్కండి. ఇది తుడిచినా అక్షరం పోని పలక. పొరపాటున మీరే ఫైలును తీసేసినా అది ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. ఆ గడువు దాటితేనే కంగారు పడాలి. చెరిపిన పిల్లవాడి పేరు కూడా హిస్టరీలో తెలుస్తుంది కానీ దాన్ని తరగతిలో చదవకండి, వేలు తగిలి జరిగే పొరపాట్లే ఇందులో ఎక్కువ. ఒకే పిల్లవాడు ఒకే తోటివాడి పేరాను మళ్లీ మళ్లీ చెరుపుతున్నట్టు కనిపిస్తే మాత్రం పక్కకు పిలిచి మాట్లాడండి. ఆ గొడవ కంప్యూటర్‌ది కాదు, వాళ్లిద్దరిదీ.

సెకండరీ గ్రేడ్ టీచర్, పత్తికొండ దగ్గరి పల్లె: పైనుంచి వాట్సాప్‌లో షీట్ లింకు వస్తుంది. సాయంత్రంలోపు నింపాలంటారు. ఒకసారి నేను నింపిన వరసను వేరే బడివాళ్లు చెరిపి తమది రాసుకున్నారు, మాట పడింది నేను. ఇప్పుడు పిల్లలతో కూడా ఇదే వాడించమంటున్నారు. ఆ మాట వింటేనే గుండె దడగా ఉంది.

మీ దడలో తప్పేమీ లేదు సార్. టీచర్లలో చాలామందికి ఈ పనిముట్టు మొదట పరిచయమైంది పాఠంగా కాదు, లెక్కలు పంపే షీట్‌గా. దాన్ని తలచుకుంటే గడువు, తొందర, ఎవరో చూస్తున్నారన్న బెరుకు కలిసే గుర్తొస్తాయి. నా ఉద్దేశంలో టీచర్లకు దీని మీద ఉన్న అయిష్టంలో సగం ఇక్కడ పుట్టిందే. దాన్ని టెక్నాలజీ తెలియకపోవడంగా చూసే శిక్షణ తరగతులు గురి తప్పుతున్నాయి.

ముందు షీట్ సంగతి చూద్దాం. మీరు నింపిన గడి మీద కంప్యూటర్‌లో రైట్ క్లిక్ చేసి షో ఎడిట్ హిస్టరీ నొక్కితే, అందులో ఎవరు, ఎప్పుడు ఏం మార్చారో తెలుస్తుంది. మాట వస్తే అదే మీ సాక్ష్యం. లింకు ఉన్న ఎవరైనా పేరు లేకుండా మార్చగలిగేలా షీట్ పెడితే ఆ పేరు దొరకదు. కనుక బడికొక వరసను తాళం వేసి ఇమ్మని, అంటే ప్రొటెక్ట్ రేంజ్ పెట్టమని, షీట్ తయారుచేసేవారిని అడగడం మీ హక్కు. అలా తెరిచి ఉంచిన షీట్‌లో పిల్లల ఆధార్ నంబర్లో, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లో కనిపిస్తే మాత్రం ఊరుకోకండి, ఆ రోజే పైవారికి చెప్పండి.

ఇక తరగతిలో వాడేది మీ సొంత కాగితం. ఎవరిని రానివ్వాలో, ఎవరు చూడాలో, ఎవరు రాయాలో మీరే చెబుతారు. అక్కడ గడువు కూడా మీరు పెట్టినదే.

హైస్కూల్ టీచర్, జమ్మలమడుగు: మా ఊరి డీటీపీ షాపులో టైపు చేయించిన పాఠం డాక్స్‌లో పెడితే అంతా ఇంగ్లీషు పిచ్చి గీతలు వస్తున్నాయి. వైరస్ పట్టిందా?

వైరస్ కాదు, ఫైలు కూడా చెడిపోలేదు. షాపుల్లో టైపు చేసే అను ఫాంట్లు పాత పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గుర్తు సంఖ్యల మీద తెలుగు అక్షరం బొమ్మలను కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ లేని చోట బొమ్మ తప్పుకుని కింది ఇంగ్లీషు బయటపడుతుంది. షాపువారిని యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మనండి, కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి కళ్లారా చూసుకోండి, తప్పులు దొర్లేది అక్కడే. ఇకమీదట ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో మీరే కొట్టండి, లేదా మైకు గుర్తు నొక్కి చెప్పండి, అదే రాసుకుంటుంది.

డాక్స్ ఫాంట్ల జాబితాలో మోర్ ఫాంట్స్ నొక్కి తెలుగు ఎంచుకుంటే పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అన్న పేర్లు వస్తాయి. సిలికానాంధ్ర పూనుకుని తెచ్చిన ఫాంట్లు అవి. వాటిలో సూరన్న అంటే కవి పింగళి సూరన. ఆయన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకు. మన సీమ పిల్లలు ఆ అక్షరాల్లో టైపు కొట్టుకుంటుంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

సోషల్ టీచర్, ఆదోని: ఐదుగురు కలిసి రాస్తే ఇద్దరే పని చేస్తున్నారు, మార్కులు ఐదుగురికీ వస్తున్నాయి. ఇది అన్యాయం కాదా?

అన్యాయమే, కానీ కొత్తది కాదు మేడమ్. చార్టుల మీద ప్రాజెక్టులు చేసిన రోజుల్లోనూ ఇద్దరే చేసేవారు, మనకు తెలిసేది కాదు. ఇప్పుడు హిస్టరీలో ఒక్కొక్కరి రాత ఒక్కో రంగులో కనిపిస్తుంది కాబట్టి బాధ పుట్టింది. అలాగని రంగు చూసి మార్కులు వేయకండి. విషయం చెప్పిన పిల్ల ఒకరు, వేగంగా టైపు కొట్టే పిల్లవాడు ఇంకొకరు కావచ్చు. గుంపుకు ముగ్గురు, నలుగురు చాలు. చివర్లో ఎవరి కాగితం మీద వాళ్లను "నేను చేర్చింది ఏమిటి, నా స్నేహితుడు మార్చాక మెరుగైంది ఏమిటి" అని నాలుగు ముక్కలు రాయమనండి. కొన్ని మార్కులు వ్యాసానికి, కొన్ని ఆ నాలుగు ముక్కలకు. వరసగా రెండు మూడు ప్రాజెక్టుల్లో ఒక పిల్ల రంగు ఎక్కడా కనబడకపోతే బద్ధకం అనుకునే ముందు ఇంట్లో ఫోన్ ఉందో లేదో కనుక్కోండి.

ప్రధానోపాధ్యాయుడు, డోన్ ప్రాంతం: తరగతి గదిలో సెల్‌ఫోన్ వద్దన్నారు. ట్యాబ్‌లలో ఇది పనిచేయదు. మరి పిల్లలు దేనిమీద రాయాలి? నిబంధన తప్పినట్టు అవుతుందేమోనని భయం.

నిబంధన తప్పాల్సిన పనే లేదు సార్. తరగతిలో ఫోన్ల వాడకాన్ని 2023లో మన రాష్ట్రంలో కట్టడి చేశారు. సాంకేతికత ఎవరి షరతుల మీద నడవాలని ప్రశ్నిస్తూ యునెస్కో నివేదిక వెలువరించింది కూడా ఆ ఏడాదే. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతికి పంచిన ట్యాబ్‌లు పాఠాల వీడియోలు చూడటానికి సిద్ధం చేసినవి, వేరే యాప్‌లు పడకుండా వాటికి కట్టడి ఉంది. కనుక బడిలోని ఒక్క కంప్యూటరో, గోడకున్న డిజిటల్ ప్యానెలో చాలు. ఒక పిల్ల టైపు కొడుతుంది, తరగతి మొత్తం వాక్యం చెబుతుంది, బాగోలేదన్నవాళ్లు ఎందుకో చెప్పి మారుస్తారు. పీరియడు చివర వెర్షన్ హిస్టరీ తెరిచి మొదటి వాక్యం ఎలా మొదలై ఎలా తేలిందో చూపించండి. నా వరకు ఈ పనిముట్టు తరగతికి ఇచ్చే గొప్ప పాఠం ఇదే. అచ్చులో చూసిన వ్యాసం మొదటిసారే అలా పుట్టిందని పిల్లలు నమ్ముతారు. కొట్టివేతలు కళ్లకు కనబడితే తమ కొట్టివేతలకు సిగ్గుపడరు. ముప్ఫై పరికరాలున్న బడిలోనూ ఇది దక్కకపోవచ్చు.

బీఈడీ విద్యార్థిని, కడప: మా బృందం పాఠ్య పథకం రాస్తోంది. నేను రాత్రంతా కూర్చుని రాసిన పేరాను పొద్దున చూసేసరికి వాళ్లు మార్చేశారు. నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి బాధపడటం నా లోపమా?

లోపం కాదు తల్లీ, రాసేవాళ్లందరికీ ఉండే బాధ అది. ఇజ్రాయెల్‌లో ఇనా బ్లౌ, అవ్నర్ కాస్పి అనే పరిశోధకులు 2009లో గూగుల్ డాక్స్ మీద విద్యార్థులతో సరిగ్గా దీన్నే పరిశీలించారు. తాము ఇతరుల రాతను బాగుచేశామనీ, ఇతరులు మాత్రం తమ రాతను చెడగొట్టారనీ అనుకోవడం అక్కడా కనిపించింది. నేరుగా మార్చడం కంటే సూచన ఇవ్వడం వల్ల "ఇది నా రాత" అన్న భావన నిలుస్తుందని వాళ్లు చెప్పారు. డాక్స్‌లో ఎడిటింగ్ అన్న చోట సజెస్టింగ్ ఎంచుకోమని మీ బృందాన్ని అడగండి. అప్పుడు వాళ్ల మార్పు రంగులో పక్కన నిలబడుతుంది, ఒప్పుకోవడం, కాదనడం మీ చేతిలో ఉంటుంది.

మీ ఊరి ముచ్చట ఒకటి చెబుతాను. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ ముందు పెట్టించి, పాఠభేదాలు పోల్చి శుద్ధ ప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఒకరి పాఠాన్ని ఇంకొకరు దిద్దే పని మీ ఊళ్లో రెండు వందల ఏళ్ల నాటిది. ఆ పండితుల మధ్య కూడా వాదులాటలు లేకుండా ఉంటాయని నేననుకోను.

జూనియర్ లెక్చరర్, నంద్యాల: అసైన్‌మెంట్ డాక్స్‌లో రాయమంటే ఒక అబ్బాయి హిస్టరీలో రెండు పేజీలు ఒక్క క్షణంలో వచ్చి పడ్డాయి. చాట్‌జీపీటీ నుంచి అతికించాడని అనుమానం. మార్కులు కోసేయనా?

తొందరపడకండి సార్. ఒక్కసారిగా పడిన ముద్ద అనుమానానికి దారి అంతే, నేరానికి రుజువు కాదు. సిగ్నల్ లేని ఊళ్లో పిల్లవాడు ఫోన్ నోట్స్‌లో రాసుకుని తర్వాత అతికించి ఉండవచ్చు. పిలిచి కూర్చోబెట్టి, అందులో ఒక పేరా చూపి "దీన్ని నీ మాటల్లో చెప్పు" అనండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చెప్పలేకపోతే మళ్లీ రాయించండి, ఈసారి మీ ముందు. ప్రతి పేపరు హిస్టరీనీ పోలీసులా తవ్వడం మొదలుపెడితే మాత్రం పిల్లలు డాక్స్‌లో రాయడమే మానేస్తారు, తప్పులు కనబడకుండా వేరేచోట రాసి తెచ్చి అతికిస్తారు.

ఒక తల్లి, ప్రొద్దుటూరు: మా పాపకు తొమ్మిదో తరగతి. పొద్దస్తమానం ఫోనే. అడిగితే "డాక్స్‌లో ప్రాజెక్టు రాస్తాండాను మా" అంటుంది. తొంగి చూస్తే వ్యాసం పక్కన జోకులు, ఎవరెవరివో మాటలు. ఇదేం చదువు? నాకు ఇంగ్లీషు రాదు, యాడ ఏం జరుగుతాందో తెలీదు.

భయపడకండి అమ్మా, మీ పాప అబద్ధం చెప్పడం లేదు. వ్యాసం పక్కన కామెంట్ల గడి ఉంటుంది. పిల్లలు దాన్ని కబుర్లకు కూడా వాడుకుంటారు, ఇళ్లలో కలిసి చదువుకున్నప్పుడు మనం మాట్లాడుకోలేదూ? "ఏదీ, నువ్వు రాసింది నాకు చదివి వినిపించు" అని అడగండి. తెలుగులో రాసినదైతే మీరే ఒక మాట సవరించవచ్చు. కాగితం పైభాగాన తెరిచినవాళ్ల పేర్లు గుండ్రాల్లో కనిపిస్తాయి, అందరూ తరగతి పిల్లలేనా అని అడిగి తెలుసుకోండి. తెలియని పెద్దవాళ్లెవరైనా అందులో ఉన్నా, ఫోటో పంపమన్నా, మీరు రాగానే పాప బెదిరి మూసేస్తున్నా అప్పుడు ఆలస్యం చేయకుండా టీచరుకు చెప్పండి. పిల్లల సాయానికి 1098 నంబరు ఎప్పుడూ పలుకుతుంది.

టీచర్లకు ఒక మాట: లింకు పంపేటప్పుడు "ఎనీవన్ విత్ ద లింక్" వద్దు, రిస్ట్రిక్టెడ్ అని పెట్టి పిల్లల ఈమెయిళ్లు చేర్చండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, అక్కడ తల్లిదండ్రుల ఒప్పుదలకే పెద్దపీట. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు పేరెంట్స్ మీటింగులో ఒకసారి తెరిచి చూపిస్తే ఈ అమ్మకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ప్రైమరీ టీచర్, కోసిగి మండలం: పంట పోయిందంటే మా ఊరు సగం ఖాళీ. సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోతారు, పిల్లల్ని వెంట తీసుకుపోతారు. వాళ్లు అక్కడి నుంచే మా డాక్యుమెంట్‌లో రాస్తే చదువు ఆగదని ఎవరో సలహా ఇచ్చారు. పిల్లలు రాయడం లేదు. నా చేతకానితనమా?

మీ చేతకానితనం కానే కాదమ్మా. పొద్దున చేలోకి పోయి, చీకటిపడ్డాక గుడారానికి చేరి, తమ్ముణ్ణి చూసుకునే పదేళ్ల పిల్ల చేతికి ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోన్ ఎప్పుడొస్తుంది? ఆ సలహా ఇచ్చినవారికి సుగ్గి అంటే ఏమిటో తెలియదు. ఆ పిల్లలకు కావలసింది ఊళ్లో నిలబెట్టే సీజనల్ హాస్టల్, పోయిన చోట చేర్చుకునే బడి. దానికోసం మండల అధికారులకు పేర్లతో సహా ముందే జాబితా ఇవ్వడం మీరు చేయగలిగిన అసలు పని. డాక్యుమెంట్ ఒక చిన్న పనికి పనికొస్తుంది. వలస వెళ్లిన పిల్లల పేర్లు తీసేయకుండా అందులోనే ఉంచండి, వారానికోసారి తండ్రి ఫోన్‌కు చేసి పిల్ల చెప్పిన రెండు ముక్కలు ఆమె పేరు మీద మీరే రాయండి. తిరిగొచ్చినప్పుడు తరగతిలో తన చోటు తనకు ఉంటుంది. అంతకు మించి దాని నుంచి ఆశించకండి.

సైన్స్ టీచర్, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు, మైదుకూరు: నేను టైపు కొడుతుంటే పిల్లలకు నా తప్పులన్నీ అప్పటికప్పుడు కనిపిస్తున్నాయి. నలభై మంది చూస్తుండగా "కిరణజన్య సంయోగక్రియ" నాలుగుసార్లు తప్పు కొట్టాను. ఇంక నా గౌరవం ఏముంటుంది?

అలాగే ఉంటుంది సార్, ఒక్క మెట్టు కూడా దిగదు. ఆ మాటను తెలుగు కీబోర్డు మీద మొదటిసారే సరిగ్గా కొట్టినవాళ్లను నేనింకా చూడలేదు. మనసొప్పకపోతే ముందురోజు మీ ఒక్కరికే కనిపించే డాక్యుమెంట్‌లో టైపు కొట్టుకుని తరగతిలో అతికించండి, లేదా పిల్లల్లో వేగంగా కొట్టేవాళ్లను కూర్చోబెట్టి మీరు చెప్పండి. మీ పాత విద్యార్థులెవరైనా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి ఉంటే వాళ్లనూ అడగండి. 2008లో ఆ విద్యాసంస్థ మొదలైనప్పుడు పదో తరగతి ముగించి వచ్చిన పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు, మీకంటే ఎక్కువ తడబడినవాళ్లే ఎందరో.

ఇంగ్లీషు టీచర్, రాయచోటి: పిల్లలు రాత్రి పదింటికి కామెంట్ పెట్టి నన్ను ట్యాగ్ చేస్తారు. ఫోన్ మోగుతుంది. జవాబివ్వకపోతే తప్పు చేసినట్టుంటుంది.

తప్పేమీ లేదమ్మా. రాత్రి రాయడం వాళ్ల ఇష్టం, రాత్రి చదవడం మీ బాధ్యత కాదు. డాక్యుమెంట్ పైభాగాన "నేను సాయంత్రం 4 నుంచి 5 వరకు చూస్తాను" అని రాసి, డాక్స్ నోటిఫికేషన్లు ఆపేయండి. ప్రతి తప్పు పక్కనా కామెంట్ పెట్టాలని కూడా అనుకోకండి, ఒక పేరాకు ఒకటి చాలు. అది "స్పెల్లింగ్" అన్న ముద్రలా కాకుండా "ఇక్కడ మీ అవ్వ ఏమందో కూడా రాయి" అన్నట్టుంటే పిల్ల మళ్లీ రాస్తుంది. నిద్ర పట్టకపోవడం, బడి అంటేనే విసుగు రావడం వారాల తరబడి ఉంటే కొన్నాళ్లు నోటుపుస్తకాలకు తిరిగి వెళ్లండి, నష్టమేమీ లేదు.

గణితం టీచర్, ఆళ్లగడ్డ: మా ఊళ్లో సిగ్నల్ మేడ మీదికెక్కితేనే వస్తుంది. పిల్లలు రాసింది మధ్యలో పోతుందేమో?

పోదు సార్. ఫోన్ యాప్‌లో ఆ ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి అవైలబుల్ ఆఫ్‌లైన్ అని పెట్టుకుంటే నెట్ లేకున్నా రాయవచ్చు, సిగ్నల్ అందగానే అదే చేరిపోతుంది. ఇద్దరు నెట్ లేనప్పుడు ఒకే పేరాను మారిస్తే మాత్రం రెండూ కలగాపులగం అవుతాయి. అందుకని పిల్లలకు తలొక పేరా పంచి ఇవ్వండి.

టీచర్, బద్వేలు: బదిలీ అయ్యింది. పిల్లల మూడేళ్ల రాతలు నా ఖాతాలో ఉన్నాయి. నేను వెళ్లిపోతే అవన్నీ పోతాయా?

మీ ఖాతా ఉన్నంతవరకు ఎక్కడికీ పోవు, మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే. కానీ పిల్లల రాత బడిదగ్గర ఉండటమే సబబు. బడి పేరుతో ఒక ఈమెయిల్ ఉంటే షేర్ నొక్కి, దాన్ని చేర్చి, ఓనర్‌షిప్ బదిలీ చేయండి. అవతలివారు ఒప్పుకుంటేనే మార్పు పూర్తవుతుంది కాబట్టి మీ ప్రధానోపాధ్యాయుల పక్కన కూర్చుని చేయించండి. రిలీవ్ అయ్యే రోజు కాకుండా నాలుగు రోజుల ముందే చేసుకోండి, ఆ రోజు సంతకాలతోనే సరిపోతుంది.